సబ్‌స్క్రిప్షన్ల భారం తగ్గించుకోండి, చిన్న డెవలపర్లను వదులుకోకండి

నేను ఇంటి నుంచి ప్రూఫ్‌రీడింగ్ చేస్తాను. తొమ్మిదేళ్లుగా ఇదే పని. కంటితో ఒకసారి చదివాక, ఫోన్‌లో ఒక యాప్ చేత పైకి చదివించుకుని చెవితో రెండోసారి దిద్దుతాను. "చెప్పారు" అని ఉండాల్సిన చోట "చెప్పరు" అని పడితే అర్థం తలకిందులైపోతుంది. కన్ను దాని మీదుగా జారిపోతుంది, చెవి మాత్రం టక్కున పట్టేస్తుంది.

ఆ యాప్‌ను తయారు చేసిన డెవలపర్ ఒకే ఒక్క మనిషి. మూడేళ్ల కిందట ఒక రాత్రి కార్డు స్టేట్‌మెంట్ చూసి ఒళ్లు మండి, ఫోన్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ తెరిచి, కనబడిన వాటిని కనబడినట్టే రద్దు చేశాను. పదకొండు పోయాయి, అందులో ఇదీ ఒకటి. ఉచితంగా వచ్చే భాగంతోనే నెట్టుకొచ్చాను. ఐదు నెలల తరవాత యాప్ తెరిస్తే ఒక నోటీసు కనబడింది. కట్టేవాళ్లు తగ్గిపోయారనీ, ఇక కొత్త వెర్షన్లు ఉండవనీ రాశారు. ఆ తరవాత వచ్చిన ఫోన్ అప్‌డేట్‌తో యాప్ తెరుచుకోవడమే మానేసింది. దానికి సాటి వచ్చేది వెతుక్కోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

ఆ రాత్రి నా కంట పడనివి కొన్ని ఉన్నాయని తరవాత తెలిసింది. పెద్ద కంపెనీల వెబ్‌సైట్లలో నేరుగా కార్డు నంబరు ఇచ్చి మొదలుపెట్టినవి ఫోన్ పేజీలో కనబడవు. అలాంటివి, అందులోనూ ఏడాదికోసారి కట్ అయ్యేవి, నాకు నాలుగు ఉండిపోయాయి. రద్దు చేసిన పదకొండింటికీ కలిపి పోయేదానికంటే ఈ నాలుగింటికి పోయేదే ఎక్కువ. అప్పుడు అర్థమైంది, కోపంతో కోసేటప్పుడు ముందు తెగేది చిన్నవాళ్లేనని. వాళ్లు ఫోన్‌లోని యాప్ స్టోర్ ద్వారానే అమ్ముతారు కాబట్టి వాళ్లని తీసేయడం రెండు నొక్కుల పని. పెద్దవాళ్లవి మాత్రం చాప కింద నీరులా నడుస్తూనే ఉంటాయి.

అందుకే ఇప్పుడు నేను ఒక వరసలో చేస్తాను. రాతపనికి వాడే యాప్‌ల గురించి మాట్లాడుకునే ఒక గ్రూపులో ఉన్నాను. అక్కడ నెలకోసారైనా ఎవరో ఒకరు "అన్నీ తీసేద్దామనుకుంటున్నాను" అని వస్తారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ముందు లెక్క, తరవాతే కోత

ఒక గంట తీరిక చేసుకోండి. ఆ గంటలో ఏదీ రద్దు చేయకండి, జాబితా మాత్రం రాయండి. మూడు చోట్ల చూడాలి.

మొదటిది ఫోన్. ఐఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి, పైన మీ పేరు నొక్కి, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లండి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు మీ బొమ్మ నొక్కితే పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ అని ఉంటుంది. రెండు గూగుల్ అకౌంట్లు ఉన్నవాళ్లు రెండిట్లోనూ చూడాలి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఈ ఒక్క సంగతి తెలియక కట్టేవాళ్లు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.

రెండోది కార్డు స్టేట్‌మెంట్. ఒక నెలది చాలదు, పన్నెండు నెలలవీ చూడాలి. ఏడాది ప్లాన్లు దాక్కునేది ఇక్కడే.

మూడోది ఈమెయిల్. రిసీట్, రెన్యూవల్, ఇన్‌వాయిస్, ట్రయల్ అన్న ఇంగ్లీషు మాటలతో ఒక్కొక్కటిగా వెతకండి. నేను మర్చిపోయిన రెండు ఇలాగే బయటపడ్డాయి.

దొరికినవన్నీ ఒక పేజీలో నాలుగు గళ్లుగా రాసుకోండి. యాప్ పేరు, ఏడాదికి ఎంత (నెలవారీదైతే పన్నెండుతో హెచ్చించి), చివరిసారి ఎప్పుడు తెరిచారు, ఎవరు చేస్తున్నారు. నెల లెక్క కంటికి చిన్నగా కనబడుతుంది కాబట్టి ఏడాది లెక్కే రాయాలి.

నాలుగో గడి నింపడానికి కాస్త ఓపిక కావాలి. స్టోర్‌లో యాప్ పేజీ కిందికి వెళ్తే అమ్మేవారి పేరు ఉంటుంది. యాపిల్ యాప్ స్టోర్‌లో వ్యక్తిగత ఖాతాతో నమోదైనవాళ్లకు మనిషి పేరే కనబడుతుంది, సంస్థగా నమోదైతే సంస్థ పేరు. ఒక్కోసారి సంస్థ పేరు పెట్టుకున్నా లోపల ఉండేది ఇద్దరే. అలాంటప్పుడు ప్రతి అప్‌డేట్‌లో ఏం మార్చారో రాసే వెర్షన్ హిస్టరీ చదవండి. "చిన్న చిన్న మార్పులు చేశాం" అని ప్రతిసారీ ఒకే వాక్యం ఉంటే అక్కడ మనిషి గొంతు వినబడదు. "పోయిన వారం ఇద్దరు చెప్పిన తేదీల తప్పు సరిచేశాను, ఆలస్యానికి క్షమించండి" అని ఉంటే అక్కడ ఎవరో కూర్చుని పని చేస్తున్నారని తెలిసిపోతుంది.

సబ్‌స్క్రిప్షన్ అనగానే దోపిడీ అనుకోకుండా

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఒకసారి కొన్న వస్తువుకు నెలనెలా ఎందుకు కట్టాలి? దీనికి జవాబు తెలిశాక ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడం సులువైంది.

వెనకటికి సాఫ్ట్‌వేర్‌ను వెర్షన్ల వారీగా అమ్మేవారు. మూడో వెర్షన్ కొన్నవాళ్లకు నాలుగోది తగ్గింపు ధరకు వచ్చేది. కావాలంటే కొనుక్కుంటాం, వద్దంటే పాతదే వాడుకుంటాం. 2008 జులై 10న యాపిల్ యాప్ స్టోర్ దాదాపు 500 యాప్‌లతో తెరుచుకున్నప్పుడు ఈ అప్‌గ్రేడ్ ధర అన్న ఏర్పాటే అందులో పెట్టలేదు. ఒకసారి కొన్నవాళ్లకు తరవాతి అప్‌డేట్లన్నీ ఉచితం. మనకు బాగానే ఉంది. అవతల డెవలపర్‌కు మాత్రం పాతవాళ్లందరి కోసం చేసే పనికి డబ్బు కొత్తగా కొనేవాళ్ల దగ్గర్నుంచే రావాలి. కొత్తవాళ్లు రావడం తగ్గిన నెల నుంచీ ఇబ్బంది మొదలు.

2013లో అడోబీ తన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఒకసారి కొనుక్కునే పద్ధతి మాని సబ్‌స్క్రిప్షన్‌కు మారింది. 2016లో యాపిల్ అన్ని రకాల యాప్‌లకూ సబ్‌స్క్రిప్షన్ పెట్టుకోవచ్చంది. పైగా ఏడాది దాటిన చందాల మీద తన వాటాను 30 శాతం నుంచి 15 శాతానికి తగ్గించింది. ఆ తరవాత ఒకరిని చూసి ఒకరు మారారు. కొందరికి వేరే దారి లేదు, కొందరిది అత్యాశ. ఈ రెండిటినీ మనమే వేరు చేసి చూడాలి.

ఏమీ మార్చకుండా యాప్‌ను బతికించి ఉంచడానికే ఖర్చవుతుంది. యాపిల్ డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు. గూగుల్ ప్లేలో 25 డాలర్లు ఒకసారి కడితే చాలు, కానీ యాప్‌కు అప్‌డేట్ ఇవ్వాలంటే అది ఇటీవలి ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగ్గట్టు ఉండాలని ఏటా గీత పైకి జరుపుతారు. అంటే కొత్త సౌకర్యం ఒక్కటీ ఇవ్వకపోయినా ఏటా కొన్ని వారాల పని తప్పదు. ఒకచోట రాసింది మన పరికరాలన్నిటిలోనూ కనబడేలా చేసే సింక్ ఉంటే సర్వర్ ఖర్చు, వాతావరణం చూపిస్తే ఆ సమాచారం కొనాలి. వాతావరణ సమాచారం అందించే యాపిల్ వెదర్‌కిట్‌ను డెవలపర్ సభ్యత్వంతో పాటు నెలకు 5 లక్షల సార్లు అడగొచ్చు, అది దాటితే డబ్బు కట్టాలి. మాట్లాడింది అక్షరాల్లోకి మార్చే యాప్ అయితే వాడినకొద్దీ ఖర్చు.

అందుకని ప్రతి యాప్ దగ్గరా నేను అడిగేది ఇదే. నేను వాడుతున్నందుకు వాళ్లకు ప్రతి నెలా ఖర్చవుతోందా? అవుతుంటే సబ్‌స్క్రిప్షన్ న్యాయమే. లెక్కల యంత్రం, టార్చి, పీడీఎఫ్ తెరిచి చూపించే యాప్ లాంటివి వారం వారం డబ్బు అడిగితే తీసేయండి, రెండో ఆలోచన అక్కర్లేదు. వారానికింత అని ధర పెట్టి, మూడు రోజుల ట్రయల్ ఇచ్చి, మర్చిపోతారని కాచుకునే యాప్‌లను నేను ఇన్‌స్టాల్ చేయడమే మానేశాను.

మధ్యే మార్గాలూ ఉన్నాయి. కొనేముందు ఇవి ఉన్నాయేమో చూడండి. ప్రోగ్రామర్లు వాడే సాఫ్ట్‌వేర్ చేసే జెట్‌బ్రెయిన్స్ 2015లో సబ్‌స్క్రిప్షన్‌కు మారతానంటే వాడేవాళ్లు గట్టిగా అడ్డుచెప్పారు. దాంతో ఏడాది పాటు కట్టినవాళ్లకు, ఆపేశాక కూడా ఒక వెర్షన్ శాశ్వతంగా ఉండిపోయే ఏర్పాటు చేసింది. కోడ్ రాసుకునే సబ్‌లైమ్ టెక్స్ట్ లైసెన్సు కొంటే మూడేళ్ల అప్‌డేట్లు వస్తాయి, ఆ తరవాత కట్టకపోయినా ఉన్న వెర్షన్ మనదే. అజెండా అనే నోట్స్ యాప్‌లో ఏడాదికి కడితే ఆ ఏడాదిలో వచ్చిన సౌకర్యాలన్నీ ఎప్పటికీ ఉంటాయి. అబ్సిడియన్ అనే మరో నోట్స్ యాప్ ఉచితం, సింక్ కావాలంటేనే డబ్బు. వాడే యాప్‌లో ఇలాంటిది లేకపోతే డెవలపర్‌కు రాసి అడగండి. ఈ నమూనాల పేర్లు చెప్పి అడిగితే మాట వింటారు.

ఒకసారి కడితే ఎప్పటికీ వాడుకోవచ్చనే "లైఫ్‌టైమ్" అన్న మాట దగ్గర మాత్రం ఆగండి. సర్వర్ ఖర్చు లేని యాప్‌కైతే నేను సంతోషంగా కొంటాను. నెలనెలా ఖర్చయ్యే యాప్ లైఫ్‌టైమ్ అమ్ముతుంటే, రేపటి ఖర్చుకు ఇవాళ్టి డబ్బు వాడుకుంటోందని అర్థం. అలాంటిచోట ఏడాది ప్లాన్ తీసుకోవడమే ఇద్దరికీ క్షేమం.

ఒకసారి డబ్బిచ్చి కొన్న యాప్ సబ్‌స్క్రిప్షన్‌కు మారినప్పుడు మీకు ఒక హక్కు ఉంది. అలా మారేటప్పుడు పాతవాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్న ముఖ్యమైన సౌకర్యాలు తీసేయకూడదని యాపిల్ నియమాల్లో స్పష్టంగా ఉంది. 2021 నవంబరులో నోటబిలిటీ అనే నోట్స్ యాప్ సబ్‌స్క్రిప్షన్‌కు మారుతూ పాతవాళ్లకు ఒక్క ఏడాదే అంటే, వాడేవాళ్లు నిలదీశారు. ఒకటి రెండు రోజుల్లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. మర్యాదగా, నియమం చూపించి అడిగితే ఫలితం ఉంటుంది.

ఏవి ఉంచాలి

జాబితాలో ప్రతి పేరు పక్కనా ఒక ప్రశ్న వేసుకోండి. రేపు పొద్దున ఇది లేకపోతే నా పని ఎక్కడ ఆగుతుంది? జవాబు వెంటనే రాకపోతే ఆ యాప్‌ను ఫోన్ మొదటి పేజీలోంచి తీసి లోపలికి నెట్టండి. అన్ఇన్‌స్టాల్ చేయొద్దు, కొన్నిటిలో దాచుకున్న సమాచారం దాంతోపాటే పోతుంది. రెండు వారాల్లో ఒక్కసారీ వెతుక్కోకపోతే అది మీకు అక్కర్లేదు.

తీసేయాల్సినవాటిని పెద్దవాటి నుంచి మొదలుపెట్టండి. వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, నాలుగు పేజీలు దాటి, "నిజంగానే వెళ్లిపోతారా" అన్న ప్రశ్నలన్నీ దాటాల్సినవి ముందు. అవి పూర్తయ్యేసరికి మీరు మిగిల్చుకోవాలనుకున్న డబ్బు చాలావరకు మిగిలే ఉంటుంది. నాకైతే ఆ నాలుగు తీసేయగానే చిన్న యాప్‌ల జోలికి పోవాల్సిన అవసరమే లేకపోయింది.

రద్దు చేసేముందు మీ సమాచారం బయటికి తీసుకోండి. నోట్స్ అయితే మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా, లెక్కలైతే ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకునే సీఎస్‌వీగా. కొత్త యాప్ కొనేముందు కూడా నేను మొదట చూసేది ఇలా బయటికి తీసుకునే ఎక్స్‌పోర్ట్ ఉందా లేదా అనే. అది బాగా ఇచ్చే డెవలపర్ మనల్ని కట్టిపడేయాలనుకోవడం లేదని అర్థం.

ట్రయల్ తీసుకుంటే అది ముగియడానికి కనీసం 24 గంటల ముందు రద్దు చేయాలి. నేను ఏడాది ప్లాన్ కట్టిన వెంటనే ఆటో రెన్యూవల్ ఆపేస్తాను. కట్టిన కాలం అయ్యేవరకు యాప్ పనిచేస్తుంది, ఏడాది తిరిగాక మళ్లీ కట్టాలో వద్దో నేనే తేల్చుకుంటాను. టెన్షన్ ఉండదు. ఒక్క ఇబ్బంది ఏంటంటే, ఆపిన సంగతి డెవలపర్ లెక్కల్లో రద్దుగా కనబడుతుంది. అందుకే బాగా నచ్చిన రెండు యాప్‌లకు మాత్రం ఆటో రెన్యూవల్ అలాగే ఉంచాను. వచ్చే నెల ఎంత వస్తుందో తెలియడం వాళ్లకు చాలా ముఖ్యం.

డబ్బు ఏ దారిలో పంపితే ఎంత చేరుతుంది

ఇది చాలామంది చూడని విషయం కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

స్టోర్‌లో కడితే: యాపిల్ 2021 జనవరి 1 నుంచి, ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు సంపాదించే డెవలపర్లు ఒక పథకంలో చేరితే 15 శాతమే తీసుకుంటోంది. గూగుల్ కూడా 2021 జులై నుంచి మొదటి 10 లక్షల డాలర్ల మీద వాటాను 15 శాతానికి తగ్గించింది. అంటే చిన్న డెవలపర్ విషయంలో వందకు దాదాపు 85, పన్నులు పోను, అవతలికి చేరుతుంది. స్టోర్‌లో కట్టడం తప్పేమీ కాదు. రద్దు చేసుకోవడం సులువు, కార్డు నంబరు పది చోట్ల ఇవ్వక్కర్లేదు. కొత్త యాప్ అయితే నేను స్టోర్‌లోనే మొదలుపెడతాను.

కొందరు యాప్‌లోనే టిప్ ఇచ్చే బటన్ పెడతారు. దానిలోంచి కూడా స్టోర్ వాటా పోతుంది. అయినా ఇవ్వండి, ఆ బటన్ నొక్కేవాళ్లు చాలా తక్కువ.

డెవలపర్ సొంత సైట్‌లో కడితే మధ్యలో ఉండేది కార్డు చెల్లింపులు చూసే సంస్థ. దాని ఫీజులో రెండు ముక్కలుంటాయి, ఒక శాతం, ఒక్కో చెల్లింపుకు ఒక స్థిరమైన మొత్తం. అలాంటి సంస్థల్లో ఒకటైన స్ట్రైప్ అమెరికాలో తీసుకునే మామూలు రేటు 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు. ఒక డాలరు పంపితే దాదాపు 33 సెంట్లు ఫీజుకే పోతాయి. నెలకో డాలరు చొప్పున పన్నెండు నెలలు పంపితే ఫీజు దాదాపు 3 డాలర్ల 95 సెంట్లు. అదే పన్నెండు డాలర్లు ఒకేసారి పంపితే 65 సెంట్లు. మన జేబులోంచి పోయేది రెండు విధాలా ఒకటే, వాళ్లకు చేరేదాంట్లో మూడు డాలర్లకు పైగా తేడా. చిన్న మొత్తాలు పంపేవాళ్లు ఏడాదికోసారి పంపడం మంచిదనేది ఇందుకే.

ఓపెన్ సోర్స్ యాప్‌లకు, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టిన వాటికి, వేరే దారులు ఉన్నాయి. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్, విరాళాల కోసం 2019లో మొదలుపెట్టిన గిట్‌హబ్ స్పాన్సర్స్‌లో, మామూలు వ్యక్తిగత ఖాతా నుంచి పంపేదాంట్లో గిట్‌హబ్ ఏమీ తీసుకోదు. లిబెరాపే కూడా ఇలా డబ్బు పంపే చోటే, లాభాపేక్ష లేని సంస్థ, అదీ వాటా తీసుకోదు. పైగా చాలా వారాలది ముందే ఒకేసారి కట్టే వీలుంది కాబట్టి ఫీజు కలిసొస్తుంది. ఆండ్రాయిడ్‌కు ఓపెన్ సోర్స్ యాప్‌లు ఇచ్చే ఎఫ్-డ్రాయిడ్‌లో దొరికే యాప్‌లలో చాలావాటి పేజీల్లోనే విరాళం లింకు ఉంటుంది. అక్కడ ఉచితంగా తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడుతున్నవి ఏవైనా ఉంటే, ఈ గంటలోనే ఒకదాన్ని ఎంచుకోండి. అన్నిటికీ తలా కొంచెం పంచడం కంటే ఏడాదికి ఒకటో రెండో యాప్‌లకు కాస్త పెద్ద మొత్తం పంపడమే నాకు నచ్చిన పద్ధతి.

రిఫండ్ గురించి కూడా తెలుసుకోవాలి. 2023 జనవరిలో ట్విట్టర్, బయటివాళ్లు చేసిన ట్విట్టర్ యాప్‌లను ఆపేసినప్పుడు ట్వీట్‌బాట్, ట్విట్టరిఫిక్ రాత్రికి రాత్రే పనికిరాకుండా పోయాయి. అప్పటికే ఏడాదికి కట్టినవాళ్లకు మిగిలిన నెలల డబ్బు తిరిగివ్వాలి, అదీ ఆ చిన్న కంపెనీల జేబులోంచి. రెండు యాప్‌లూ చివరి వెర్షన్‌లో ఒక బటన్ పెట్టాయి, "నాకు రిఫండ్ వద్దు" అని. ఎప్పుడైనా మీ ముందుకు అలాంటి తెర వస్తే హడావిడిగా మూసేయకుండా చదవండి. ఆ డబ్బు మీకు అవసరమైతే తీసుకోండి, అది మీదే. అవసరం లేకపోతే ఆ ఒక్క నొక్కు వాళ్లకు ఎంతో తేడా చేస్తుంది.

డబ్బు కట్టలేని నెలల్లో

నాకూ అలాంటి నెలలు చాలా వచ్చాయి. అప్పుడు చేయగలిగే పనుల్లో అన్నిటికంటే విలువైనది మంచి బగ్ రిపోర్టు, అంటే యాప్‌లోని లోపాన్ని వివరంగా రాసి పంపడం. ఒకటి చూపిస్తాను.

ఇప్పుడు నేను వాడే చదివించే యాప్ కొత్త వెర్షన్‌లో, అక్షరాలు పెద్దవి చేసుకుంటే "పూర్తయ్యింది" అన్న బటన్‌లో యకారం వత్తు కింది సగం తెగిపోయేది. తయారు చేసినాయనకు తెలుగు రాదు. "తెలుగు సరిగా కనబడట్లేదు" అని రాస్తే ఆయనకు ఏమీ తెలియదు. అందుకని ఇలా రాశాను: ఫోన్ మోడల్ ఇది, ఆండ్రాయిడ్ వెర్షన్ ఇది, యాప్ వెర్షన్ ఇది. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు అన్నిటికంటే పెద్దది పెట్టి, ఫైల్ చదవడం అయ్యేదాకా ఆగితే ఈ బటన్ వస్తుంది. మా లిపిలో వత్తులు అక్షరం కింద పేరుస్తారు, ఒక్కోసారి రెండు వరసలు కూడా. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపడా ఉంది, మావి కింద తెగుతున్నాయి. పరీక్షించడానికి ఈ మూడు మాటలు వాడండి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న. తెగిన చోట ఎర్ర గీత చుట్టి స్క్రీన్‌షాట్ జత చేశాను.

నాలుగు రోజుల్లో సరిచేశారు. కంబోడియా వాళ్ల ఖ్మేర్ భాషలో వాడేవాళ్లు కూడా ఏదో తెగుతోందని ఎప్పటి నుంచో అంటున్నారట, కారణం ఇప్పుడు దొరికిందని జవాబు రాశారు. ఆ ఉత్తరం రాయడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు.

ఇలాంటివి రివ్యూలో ఒక నక్షత్రం ఇచ్చి రాయకండి, మెయిల్ పెట్టండి. రివ్యూ కొత్తగా వచ్చేవాళ్ల కోసం. అందులో మీరు దేనికి వాడతారో ఒక వాక్యం, ఏది బాగుందో ఒక వాక్యం, ఏది లేదో ఒక వాక్యం రాస్తే చాలు. "సూపర్" అని ఒక్క మాట రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. స్టోర్లలో రేటింగులు దేశాల వారీగా కనబడతాయి, గూగుల్ ప్లే కూడా 2021 నవంబరు నుంచి అలాగే చూపిస్తోంది. కాబట్టి వేలమంది రేటింగ్ ఇచ్చిన పెద్ద యాప్‌కు మీది లెక్కలోకి రాకపోవచ్చు, మీ దేశంలో పదిమందే రాసిన చిన్న యాప్‌కు మాత్రం మీ పదకొండోది చాలా పెద్దది. కోపంలో ఎప్పుడో ఇచ్చిన ఒక నక్షత్రం, ఆ తప్పు సరిచేశాక కూడా అలాగే ఉందేమో చూసి మార్చండి.

అనువాదం చేయగలిగితే అదీ పెద్ద సాయమే. యాప్‌ల అనువాదం జరిగే వెబ్‌లేట్, క్రౌడిన్ లాంటి సైట్లలో చాలా యాప్‌లు పేర్లు నమోదు చేసుకుని ఉంటాయి. రోజుకు పది వాక్యాలు చేసినా నెలకు ఒక చిన్న యాప్ పూర్తవుతుంది.

డబ్బు లేదు, యాప్ మాత్రం తప్పనిసరి అయితే నేరుగా అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు. యాప్‌ను ఉచితంగా ఇవ్వడానికి డెవలపర్లకు స్టోర్లు ప్రోమో కోడ్‌లు ఇస్తాయి, గూగుల్ ప్లేలో మూడు నెలలకు 500 దాకా. చాలామంది దగ్గర అవి వాడకుండానే మిగిలిపోతాయి. చదువుకుంటున్నాననో, పని పోయిందనో రెండు లైన్లు రాస్తే ఇచ్చినవాళ్లే ఎక్కువ.

గ్రూపుల్లో ఎలా ఉండాలి

యాప్ వాడేవాళ్లు చేరే చోట్ల మూడు రకాల మాటలు తరచుగా వస్తాయి.

"దీని క్రాక్డ్ వెర్షన్ ఎవరి దగ్గరైనా ఉందా?" అని, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన దొంగ కాపీ కోసం అడిగితే నేను తిట్టను. పైన చెప్పిన ప్రోమో కోడ్ దారి చెబుతాను, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ యాప్ పేరు చెబుతాను. ఎవరో మార్చి పెట్టిన ఫైల్‌ను ఫోన్‌లోకి ఎక్కించుకుంటే అందులో ఇంకేం కలిపారో తెలియదని కూడా చెబుతాను. సగంమంది వింటారు.

"ఇదీ సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది, అందరూ తీసేయండి" అని ఎవరైనా మొదలుపెడితే, ముందు ఎవరు చేస్తున్నారో, ఖర్చు దేనికో, పాతవాళ్లకు ఏమిచ్చారో చూసి రమ్మంటాను. అన్నీ చూశాక కూడా అన్యాయమే అనిపిస్తే నేనూ వాళ్లతో కలిసి రాస్తాను.

మూడోది, "ఆ ఫీచర్ ఎప్పుడు వస్తుంది? ఆరు నెలల నుంచి అడుగుతున్నాం" అని వెంటపడటం. ఇది ఎంత దూరం పోగలదో 2024 మార్చిలో ప్రపంచమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రాజెక్టును ఏళ్ల తరబడి ప్రధానంగా ఒక్క మనిషే చూసుకునేవాడు, జీతం లేకుండా. 2022లో కొందరు పని నెమ్మదిగా సాగుతోందంటూ, ఇంకొకరికి అప్పగించమంటూ ఆయన మీద పదే పదే ఒత్తిడి తెచ్చారు. ఇది జీతం లేని, తీరిక వేళల్లో చేసే పనని ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి సాయం చేస్తానని వచ్చి నమ్మకం సంపాదించిన వ్యక్తి అందులో, అది వాడే కంప్యూటర్లలోకి చొరబడేందుకు దొంగదారి పెట్టాడు. సమయానికి ఒక ఇంజనీరు కంటపడబట్టి సరిపోయింది. అందుకే మా గ్రూపులో ఒక ఫీచర్‌ను ఒకేచోట, ఒకేసారి అడుగుతాం. కావాలనుకున్నవాళ్లు దాని కింద గుర్తు పెడతారు. డెవలపర్ సెలవు పెడుతున్నానంటే "వెళ్లి రండి" అంటాం, అంతే.

తీసేసేటప్పుడు రాయాల్సిన ఉత్తరం

ఎంత ఆలోచించినా కొన్ని చిన్న యాప్‌లు కూడా తీసేయక తప్పదు. ఆ రాత్రి నేను చేయని పని ఇది, ఇప్పుడు ప్రతిసారీ చేస్తున్నాను. స్టోర్‌లో రద్దు చేస్తే డెవలపర్‌కు ఒక అంకె తగ్గినట్టు కనబడుతుంది. ఎందుకు తగ్గిందో తెలియదు. ధర ఎక్కువైందో, ఏదైనా పాడైందో, మన అవసరమే తీరిపోయిందో తెలియక వాళ్లు లేనిపోనివి ఊహించుకుంటారు. యాప్ పేజీలో సపోర్ట్ అని ఉన్న చోట మెయిల్ చిరునామా ఉంటుంది. ఈ నాలుగు లైన్లు మీకు తగ్గట్టు మార్చుకుని పంపండి:

"నమస్కారం. మీ యాప్‌ను రెండేళ్లుగా రోజూ వాడాను, ముఖ్యంగా చదివే వేగం మార్చుకునే సౌకర్యం కోసం. ఈ ఏడాది ఖర్చులు తగ్గించుకోవాల్సి రావడంతో సబ్‌స్క్రిప్షన్ ఆపేస్తున్నాను. యాప్‌లో లోపమేమీ లేదు. అప్‌డేట్లు లేకపోయినా సరే, ఒకసారి కొనుక్కునే వెర్షన్ ఏదైనా తెస్తే నాకు చెప్పండి, కొంటాను."